బొద్దింక పేగులోని ఏకకణ జీవులను ప్రాణంతో ఉండగానే చూడటం ఎలా

విజయవాడలోనైనా గుంటూరులోనైనా రాత్రిపూట మురుగుకాల్వ మూత ఎత్తితే పెద్ద ఎర్ర బొద్దింకలు దొరుకుతాయి. ప్రాణంతో ఉన్నవే కావాలి. మందుకు చచ్చిపడినదాంట్లో పేగు కుళ్లి, లోపలి జీవులూ పోతాయి. వీటివల్ల ఉబ్బసం, ఎలర్జీ వస్తాయి కాబట్టి గ్లవ్స్, మాస్కు తప్పనిసరి.

ముందు ఉప్పునీళ్లు: 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్లో 0.7 గ్రాముల సోడియం క్లోరైడు. కుళాయి నీళ్లు వాడితే పరాన్నజీవుల్లోకి నీరు చేరి, ఉబ్బి, పగిలిపోతాయి. స్లైడులో ఏమీ కనపడలేదంటే మొదట అనుమానించాల్సింది ఈ నీటినే.

బొద్దింకకు క్లోరోఫాం మత్తిచ్చి, రెక్కలు, కాళ్లు కత్తిరించి, మైనపు ట్రేలో వీపు పైకి ఉండేలా గుండుసూదులు గుచ్చి, ఉప్పునీళ్లు పోయాలి. కత్తెర మొన పైకెత్తి రెండు పక్కలా కోస్తే పేగు చిరగదు. తెల్లటి కొవ్వు తీసేశాక వేళ్లలాంటి ఎనిమిది సంచులు (సీకాలు) కనిపిస్తాయి. మధ్యాహారనాళం (పేగు మధ్య భాగం) అక్కడ మొదలై, పసుపు దారాల్లాంటి మాల్పీజియన్ నాళికల దగ్గర ముగుస్తుంది. దాన్నీ, వెనక పేగునూ వేర్వేరు వాచ్‌గ్లాసుల్లో ఉంచండి. కలిస్తే ఏది ఎక్కడిదో తేలదు.

వెనక పేగును ముందు చూడాలి. అందులోని నిక్టోథీరస్ అనే ఏకకణ జీవికి ఆక్సిజన్ పడదు. ఒక చుక్క తీసి వెంటనే కవర్‌స్లిప్ వేస్తే, ఒంటినిండా సన్నని వెంట్రుకల్లాంటి శైలికలతో ఈదుతూ కనిపిస్తుంది.

మధ్యాహారనాళం ముక్కను ఉప్పునీటి చుక్కలో సూదులతో చీల్చి, మైక్రోస్కోపు 10ఎక్స్ ఆబ్జెక్టివ్ కింద, వెలుతురు తగ్గించే డయాఫ్రంను బాగా మూసి చూడండి. వెలుతురు ఎక్కువైతే ఇక్కడుండే ఏకకణ పరాన్నజీవులు, గ్రెగరిన్లు, కనిపించవు. కొవ్వు బిందువులు కదలవు; గ్రెగరిన్ ఒళ్లు వంచకుండా నున్నగా జారిపోతుంది. ముందు చిన్న భాగం, అడ్డగోడ, వెనక పెద్ద భాగం ఉంటాయి. దీన్ని రెండు కణాలుగా గీసేయడం విద్యార్థులు తరచూ చేసే పొరపాటు. కేంద్రకం వెనక భాగంలో ఒక్కటే ఉంది, కాబట్టి కణమూ ఒక్కటే. రెండు గ్రెగరిన్లు ఒకదాని వెనక ఒకటి అతుక్కుని ఉంటే మాత్రం అది జంట.

మన ఎండాకాలంలో స్లైడు నిమిషాల్లో ఆరిపోతుంది. ఫ్యాను ఆపి, కవర్‌స్లిప్ అంచులకు వాజెలిన్ పూయండి. కొలతలు, బొమ్మలు ఇప్పుడే తీసుకోవాలి, ఎందుకంటే స్లైడు మీద పలచగా పూసి ఆరబెట్టిన స్మియర్లో ఈ జీవులు ముడుచుకుపోతాయి.

రంగు కావాలంటే ఆరిన స్మియర్‌ను మిథనాల్లో 5 నిమిషాలు ఉంచి, పీహెచ్ 7.2 బఫర్లో పదో వంతుగా పలచన చేసిన జీమ్సా రంగులో అరగంట ఉంచండి. ఊదారంగు నలకలు పడితే రంగును వడకట్టలేదన్నమాట.

ప్రతి బొద్దింకలోనూ గ్రెగరిన్లు ఉండవు. ఒకే చోటివి ఐదారు కోసి చూడాలి. ఈలోగా బొద్దింక రెట్టల్లో గ్రెగరిన్ల గుండ్రటి తెల్లని సిస్టులు (పొర కప్పుకున్న దశ) దొరికితే, పెట్రీడిష్‌లో తడి ఫిల్టర్ పేపరు మీద మూతపెట్టి ఉంచండి. కొన్నాళ్లకు సన్నని గొట్టాల్లోంచి సిద్ధబీజాలు గొలుసులుగా బయటికొస్తాయి.