ఒకే సాయంత్రం ప్రసంగం, కచేరీ, కూచిపూడి: వేదిక సర్దేవాళ్ల కోసం

ప్రసంగానికి వెలుతురు కావాలి, వక్త జనానికి దగ్గరగా ఉండాలి. కచేరీకి తివాచీ పరిచిన ఎత్తు ప్లాట్‌ఫారం కావాలి. కూచిపూడికి నేల మీద ఏమీ ఉండకూడదు. ఈ మూడింటినీ ఒకే హాల్లో, మూడు గంటల్లోపు నడపాలంటే చిక్కంతా అక్కడే. విదేశాల్లోని భారత సాంస్కృతిక కేంద్రం ఏదైనా సరే, 1950లో మౌలానా ఆజాద్ స్థాపించిన ఐసీసీఆర్ (భారత సాంస్కృతిక సంబంధాల మండలి) నడిపేదైనా, స్థానిక సంఘం నడిపేదైనా, హాలు చిన్నది, వింగ్స్ ఇరుకు అనుకునే పని మొదలుపెట్టండి. ముందు తేల్చుకోవాల్సింది వరస.

ప్రసంగం, కచేరీ, విరామం, నాట్యం. ఈ వరస మార్చకండి. ప్లాట్‌ఫారం మధ్యాహ్నమే వేసి, మైకులు పెట్టి, సౌండ్ చెక్ ముగించి తెర వేసేయొచ్చు. వక్త తెర ముందు పోడియం దగ్గర మాట్లాడతారు. విరామంలో నలుగురు మనుషులుంటే ప్లాట్‌ఫారం, తివాచీ, వైర్లు తీసి, ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, పొడిగుడ్డతో తుడవడానికి 20 నిమిషాలు చాలు. నాట్యం ముందు పెడితే ఆ ప్లాట్‌ఫారం వేయడం, మైకులు సర్దడం, శ్రుతి చూసుకోవడం అంతా జనం ముందే జరుగుతుంది, అరగంట పోతుంది. పైగా కూచిపూడి మేకప్‌కీ ఆహార్యానికీ రెండు గంటలు సులువుగా పడుతుంది. చివర ఉంటే డాన్సర్‌కి హడావుడి తప్పుతుంది.

లెక్క ఇలా వేసుకోండి. 6 గంటలకు మొదలైతే ప్రసంగం 30 నిమిషాలు, ప్రశ్నలు 10, కచేరీ 60, విరామం 20, నాట్యం 45, సన్మానం 10. 8:55కి అయిపోవాలి. హాలు మాత్రం 10 దాకా మాట్లాడుకోండి, సామాను దానంతట అది నడిచి బయటికి పోదు.

ప్రసంగం గురించి చెప్పేది తక్కువే. వట్టి ఉపన్యాసం కన్నా సోదాహరణ ప్రసంగం నయం. తర్వాత వచ్చే కచేరీలోని రాగాన్నో, నాట్యంలోని ఒక జతినో (తాళానికి అడుగులు వేసే సొల్లుల వరసనో) ముందే విడదీసి చూపిస్తే మన సంగీతం అలవాటు లేనివాళ్లు కూడా గంటసేపు కూర్చుంటారు. స్లయిడ్లలో తెలుగు ఉంటే పీడీఎఫ్ చేసి తెప్పించుకోండి. వేరే ల్యాప్‌టాప్‌లో ఆ ఫాంట్ లేకపోతే ఒత్తులు విడిపోయి, అక్షరాల బదులు డబ్బాలు కనబడతాయి. ఆడియో ముక్కలు వినిపిస్తామంటే ల్యాప్‌టాప్ నుంచి మిక్సర్‌కి వైరు ముందే లాగి ఉండాలి. స్పీకరుకి మైకు పట్టి వినిపించే పని పెట్టుకోవద్దు. ప్రశ్నల వేళ మైకు జనంలోకి పంపండి, లేదా ప్రశ్నను వక్త చేత మళ్లీ చెప్పించండి. వెనక వరసలకు జవాబు వినబడి ప్రశ్న వినబడకపోతే ఇక కబుర్లు మొదలవుతాయి.

కచేరీ

నలుగురైదుగురికి 12 అడుగుల వెడల్పు, 8 అడుగుల లోతు, అడుగు నుంచి అడుగున్నర ఎత్తు ఉన్న ప్లాట్‌ఫారం సరిపోతుంది. చెక్క పలకల మీద మందపాటి తివాచీ వేయండి. వట్టి చెక్క మీద తాళం వేసే చెయ్యి తొడ మీద పడ్డప్పుడల్లా కింద డొల్ల శబ్దం లేచి, మైకులోకి దూరుతుంది.

గాయకులు మధ్యలో, వయొలిన్ వారి ఎడమ పక్క, మృదంగం కుడి పక్క. అలా కూర్చుంటే మృదంగం కుడి మూత, అంటే నాదం పలికే వైపు, జనం వైపు తిరుగుతుంది. మృదంగ విద్వాంసులు ఎడమచేతివాటం వారైతే ఈ లెక్క తిరగబడుతుంది, వయొలిన్ అటు జరగాలి. ఎడమచేతివాటం మృదంగ విద్వాంసులు పళని సుబ్రమణ్య పిళ్ళై అంతటివారికే ఈ కూర్చోబెట్టే గొడవ తప్పలేదు. ఫోన్లో ఒక్క మాట ముందే అడిగితే మైకు స్టాండ్లు రెండుసార్లు మార్చే పని తప్పుతుంది. తంబురా గాయకుల వెనక.

గాయకుల శ్రుతి, అంటే వారు పాడే ఆధార స్వరం, కూడా ముందే కనుక్కుని మృదంగం వారికి చెప్పాలి. ఒకటో శ్రుతికి తెచ్చిన మృదంగాన్ని ఐదో శ్రుతికి ఎక్కించలేరు, వాయిద్యమే వేరేది కావాలి. ఘటం సంగతి మరీ కష్టం, కుండను కొంచెం కూడా బిగించలేం.

మృదంగం వారికి పక్కగదిలో చిన్న గిన్నె, మంచినీళ్లు, పాత పేపరు ఇవ్వండి. బొంబాయి రవ్వ తడిపి ముద్ద చేసి ఎడమ మూత మధ్యలో అద్దుతారు. గుమ్మని పలికే ఆ కింది నాదం దాని బరువువల్లే వస్తుంది. ఆ రవ్వ ఆరిపోతే నాదం మారుతుంది, అందుకే మధ్యలో నీళ్ల చెయ్యి తగిలిస్తుంటారు. కుడివైపు శ్రుతిని వారు వార్ల అంచు మీద రాయితో కొట్టి సరిచేస్తారు. తోలు ఎండితే బిగిసి శ్రుతి పైకి పోతుంది, చెమ్మ తగిలితే దిగుతుంది. కాబట్టి ఏసీ, వేదిక లైట్లు రెండూ కచేరీకి గంట ముందు నుంచే వేసి ఉంచండి. చల్లటి గదిలో శ్రుతి చేసుకుని వేడి లైట్ల కిందికి వస్తే పది నిమిషాల్లో మళ్లీ మొదటికొస్తుంది. ఏసీ గాలి నేరుగా వేదిక మీదికి కొట్టకూడదు. వీణ ఉంటే ఎండలో కారులో వదిలేయకండి. 24 మెట్లూ మైనం మీదే నిలబడి ఉంటాయి, మైనం మెత్తబడితే మెట్టు జరుగుతుంది, ఆ రోజుకి ఆ వీణ పనికిరాదు.

మైకులు: గాయకులకు మామూలు డైనమిక్ మైకు, నోటికి జానెడు దూరంలో. వయొలిన్‌కి దాని మీదికి వంచిన మైకు, అదీ జానెడు దూరమే. మృదంగం కుడి మూత అంచుకి ఒకటి. ఎడమ మూతకి రెండోది పెద్ద హాలైతేనే. మానిటర్లు (కళాకారులకు తమ పాట వినబడేందుకు పెట్టే స్పీకర్లు) రెండు, మైకు వీపు వైపున కళాకారులకు ఎదురుగా ఉండాలి. ఆ మైకులు వెనక నుంచి వచ్చే శబ్దాన్ని తక్కువ పట్టుకుంటాయి. మానిటర్ పక్కకు జరిగితే దాని శబ్దం మళ్లీ మైకులోకి పోయి కూత మొదలవుతుంది. కూత వస్తే ముందు తగ్గించాల్సింది మానిటర్‌ని. జనం వైపు స్పీకర్లను ముట్టుకోనక్కర్లేదు.

సౌండ్ మనిషికి మూడు మాటలు చెప్పి కూర్చోబెట్టండి. ఎకో వద్దు, గమకాలు (స్వరాల ఊపులు) ఒకదానిమీద ఒకటి పడి ముద్దయిపోతాయి. ఆలాపన నెమ్మదిగా మొదలైందని వాల్యూమ్ పెంచవద్దు, తారస్థాయికి వెళ్లగానే చెవులు పగులుతాయి. తంబురా మానిటర్లలో స్పష్టంగా, హాల్లో ఉందో లేదో అన్నట్టు వినబడాలి. తంబురా ఫోన్ యాప్ నుంచి వస్తుంటే ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి, కాల్ వస్తే శ్రుతి ఆగిపోతుంది.

ఇప్పటి కచేరీ క్రమాన్ని స్థిరపరచినవారు అరియక్కుడి రామానుజ అయ్యంగార్ (1890-1967). గంటలో అదే క్రమాన్ని కుదించవచ్చు: వర్ణం 5 నిమిషాలు, రెండు కృతులు 15, ప్రధాన కృతి ఆలాపనతో, తనితో (తని ఆవర్తనం, మృదంగం ఒంటరిగా వాయించే భాగం) కలిపి 30, చివర తుక్కడా (చిన్న తేలిక పాట), మంగళం 8. గంటే సమయమని పిలిచిన రోజే చెప్పండి. వేదిక మీదికి చీటీ పంపడం మర్యాద కాదు, పంపినా ఆలాపన మధ్యలో ఎవరూ చూడరు. తని ఆవర్తనం మొదలవగానే కాఫీకి లేచేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. కార్యక్రమం కాగితంలో ‘తని తర్వాత మళ్లీ పాట ఉంది’ అని ఒక వాక్యం వేస్తే కొత్తవాళ్లయినా ఆగుతారు. పాతవాళ్ల సంగతి మన చేతిలో లేదు.

నాట్యం

ఒక్కరికి కనీసం 20 అడుగుల వెడల్పు, 15 అడుగుల లోతు ఖాళీ ఉండాలి. అన్నిటికన్నా మంచిది కింద కొంచెం స్ప్రింగు ఇచ్చే చెక్క నేల. కాంక్రీటు మీద వేసిన టైల్స్ మడమలకూ మోకాళ్లకూ చేటు. తివాచీ మీద తిరుగుడులో పాదం పట్టేసి చీలమండ మెలిపడుతుంది. వినైల్ షీటు పరిస్తే అంచులన్నీ టేపుతో అంటించండి. మైనం పాలిష్ ఆ వారంలో వేయించవద్దు.

తరంగం (పళ్లెం అంచు మీద నిలబడి ఆడే అంశం) ఉంటే ఇత్తడి పళ్లెం సంగతి హాలువాళ్లతో ముందే మాట్లాడాలి. డాన్సర్ రెండు పాదాల వేళ్లతో అంచు పట్టుకుని పళ్లేన్ని జరుపుతూ తాళం వేస్తుంది. పాలిష్ చెక్క మీద గీతలు పడతాయి, వినైల్ మీద మచ్చలు. తలమీద నీళ్ల చెంబు కూడా ఉంటే వింగ్‌లో పొడిగుడ్డతో ఒకరు నిలబడి ఉండాలి. ఒక్క చుక్క పడ్డా తర్వాతి అంశంలో జారడం ఖాయం. గజ్జె మువ్వ ఊడిపడితే అదీ ఇంతే, వట్టి పాదానికి రాయిలా గుచ్చుకుంటుంది. ప్రతి అంశం తర్వాత లైట్లు తగ్గిన పది సెకన్లలో నేల చూసే మనిషిని పెట్టండి.

లైవ్ ఆర్కెస్ట్రా అయితే ఒక పక్కన, కోణంగా. నట్టువాంగం వారు (తాళాలు వాయిస్తూ జతులు చెప్పేవారు) అందరికన్నా ముందు, డాన్సర్ పాదాలు కనిపించేచోట. వారి మైకు తాళాలకు రెండడుగుల దూరంలో ఉండాలి, దగ్గర పెడితే ఆ కంచు మోతలో సాహిత్యం వినబడదు. రికార్డింగ్ అయితే అంశానికొక ఫైలు, రెండు పెన్ డ్రైవ్‌లలో, పేర్ల ముందు 1, 2, 3 అంకెలతో. ఒక్కో ఫైలుకీ ఒక ప్రశ్న రాసిపెట్టుకోండి: డాన్సర్ నిలబడ్డాక మొదలుపెట్టాలా, పాటతోపాటే ప్రవేశిస్తుందా? ఎక్కువ తప్పులు జరిగేది ఈ ఒక్కచోటే.

లైట్లు ముందు నుంచి, ముఖం మీద, తెల్లగా. ఎరుపూ నీలమూ ముఖం మీద పడితే చూపు కనబడదు, అభినయం పోతుంది.

నటరాజు, దీపం వేదిక ముందు మూలలో, డాన్సర్ దారికి అవతల. కుందిలో నూనె సగం వరకే, కింద వెడల్పాటి పళ్లెం. చాలా హాళ్లలో మంటకు అనుమతి ఉండదు. సాంబ్రాణి పొగకి ఫైర్ అలారం మోగితే హాలంతా రోడ్డు మీదికి రావాలి. అడిగి, కాదంటే కరెంటు దీపం పెట్టండి.

సన్మానం అంశాల మధ్యలో పెట్టవద్దు. చెమట పట్టిన శరీరం పది నిమిషాలు నిలబడితే కండరాలు బిగుస్తాయి, మళ్లీ ఆడటం కష్టం. చివరే, శాలువా ఎవరికి ఎవరు కప్పాలో కాగితం మీద రాసి, మాట్లాడేది ఒక్కరే. తాళం వేసే ముందు వింగ్స్‌లో వెతకాల్సినవి: ఇత్తడి పళ్లెం, నట్టువాంగం తాళాలు, మృదంగం రాయి, ఫోన్ చార్జర్లు.