పాత బండి ట్యాంకులో తుప్పు వదిలించాలంటే

ఏళ్ల తరబడి మూలపడి ఉన్న యమహా ఆర్‌ఎక్స్ 100 లాంటి బండిని తెచ్చుకుని ఇంట్లోనే బాగుచేసుకునేవాళ్లు చాలామంది ముందు కార్బ్యురేటర్ (పెట్రోల్, గాలి కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) విప్పి కూర్చుంటారు, కానీ దయచేసి ముందు ట్యాంకు మూత తీసి లోపల టార్చి వేసి చూడండి. మన దగ్గర ఆ బండ్లు 1985 నుంచి 1996 దాకా వచ్చాయి, అంటే ఎంత కొత్తదైనా దాని ట్యాంకుకు పాతికేళ్లు దాటాయి. నేను రెండుసార్లు కార్బ్యురేటర్ శుభ్రం చేశాను, రెండుసార్లూ వారం తిరక్కుండానే అందులో పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రం, అదే జెట్, మూసుకుపోయింది, విప్పి చూస్తే అడుగున ఇటుకపొడిలా ఎర్రటి మడ్డి.

ఆరుబయట, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని పెట్రోల్ మొత్తం వంచేసి, సర్ఫు నీళ్లతో కడిగి, ట్యాంకు కింద ఉండే పెట్రోల్ కుళాయి (పెట్రోల్ కాక్) తీసేసి ఆ కంతను రబ్బరు ముక్క పెట్టి గట్టిగా మూసేయండి. తెల్ల వెనిగర్ నిండా పోసి ఒక రోజు ఉంచండి. తుప్పు మందంగా ఉంటే పాత సైకిల్ చైను లోపల వేసి ఊపండి, దాని చివర తీగ కట్టడం మాత్రం మరిచిపోవద్దు, లేకపోతే బయటికి తీయడం నరకం. వెనిగర్ పెయింటు మీద పడితే వెంటనే తుడిచేయాలి.

అసలు జాగ్రత్త ఇక్కడే. వెనిగర్ వంచగానే వంట సోడా కలిపిన నీళ్లతో కడగాలి, ఎందుకంటే మిగిలిన పులుపు ఇనుమును తింటూనే ఉంటుంది. తర్వాత మంచినీళ్లు, మంచి ఎండ, ఆరిన వెంటనే కాస్త టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్లకు వాడే నూనె) పోసి ట్యాంకును అన్ని వైపులా తిప్పండి. తడిగా ఒక్క పూట వదిలినా లోపల మళ్లీ ఎర్రబడుతుంది. బిగించేటప్పుడు పెట్రోల్ పైపు మధ్యలో చిన్న ఫిల్టర్ పెట్టండి.