వాంతులు, విరేచనాల వెనుక సెప్సిస్ ఉందేమో ఎలా గమనించాలి

విశాఖలో ఎవరికైనా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే "బయట తిండి పడలేదు" అని సరిపెట్టుకుంటాం. చాలాసార్లు అది నిజమే. కానీ రక్తంలోకి బ్యాక్టీరియా చేరి సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించి సొంత అవయవాలనే దెబ్బతీయడం) మొదలైనా కడుపు చెడొచ్చు. రక్తపోటు పడిపోయినప్పుడు శరీరం గుండెకూ మెదడుకూ రక్తం మళ్లించి పేగులకు తగ్గిస్తుంది. పొట్ట ఉబ్బరానికి అదో కారణం.

కాబట్టి విరేచనాలు లెక్కపెట్టడంతో ఆగకండి. ఊపిరిని నిమిషం పాటు పూర్తిగా లెక్కించండి. పెద్దవాళ్లకు 22 లేదా అంతకు మించినా, పై బీపీ 100కి గానీ అంతకన్నా కిందికి గానీ దిగినా, మనిషి తికమకపడుతున్నా, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోయినా 108కి ఫోన్ చేయండి. జ్వరం లేదు కదా అన్న ధీమా వద్దు. ముసలివాళ్లకు ఒళ్లు చల్లబడొచ్చు కూడా.

స్పృహ బాగుండి తాగగలిగితే లీటరు నీళ్లకు వేసే ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం కలిపి గుక్కగుక్కగా పట్టండి. జ్వరమో, విరేచనంలో రక్తమో ఉంటే విరేచనాలు ఆపే మాత్ర లోపెరమైడ్ వేయొద్దు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్‌తో ఇంకో చిక్కు: తర్వాత కేజీహెచ్ (విశాఖలోని ప్రభుత్వ ఆసుపత్రి) క్యాజువాలిటీకి వెళ్లినా బ్లడ్ కల్చర్‌లో (రక్తంలోని క్రిమిని పెంచి గుర్తించే పరీక్షలో) క్రిమి దొరక్కపోవచ్చు. ఇప్పటికే వేసుకుని ఉంటే ఆ స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి. సెప్సిస్‌తో షాక్‌లో (బీపీ ప్రమాదకరంగా పడిపోయి) ఉన్నవారికి ఆసుపత్రిలో మొదటి యాంటీబయాటిక్ గంటలోపు పడాలి.