చెన్నై మేడ మీంచి వృశ్చికాన్ని పట్టుకోవడం ఎలా

వృశ్చికం అనగానే మనకి జాతకమే గుర్తొస్తుంది గానీ, అది ఆకాశంలో నిజంగా తేలులాగే కనిపిస్తుంది, చెన్నైలో ఇన్ని లైట్ల మధ్య కూడా చూడొచ్చు. యాప్ అక్కర్లేదు, గోడకున్న తెలుగు క్యాలెండర్ చాలు.

మే ఆఖరు నుంచి ఆగస్టు దాకా మంచి టైం. క్యాలెండర్లో అనూరాధ, జ్యేష్ఠ అని ఉన్న రోజులు వెతకండి, ఆ రెండు రాత్రులూ చంద్రుడు తేలు ఒంటి మీదో ఆ పక్కనో ఉంటాడు. రాత్రి తొమ్మిదింటికి మొట్టమాడి, అంటే మేడ పైకి ఎక్కి, మే, జూన్ అయితే ఆగ్నేయం వైపు, తర్వాతైతే దక్షిణం వైపు చూడండి, బెసంట్ నగర్ బీచ్‌లో అయితే సముద్రం వైపు నిలబడి కొంచెం కుడిపక్కకి తిరగాలి. చంద్రుడి దగ్గర్లో ఎర్రటి చుక్క ఉంటుంది. అదే జ్యేష్ఠ, ఇంగ్లీషులో ఆంటారిస్. పౌర్ణమి చంద్రుడు ఈ చుక్క దగ్గరికొచ్చే నెల కాబట్టే దానికి జ్యేష్ఠ మాసం అని పేరొచ్చింది. మా అమ్మ రోజూ పంచాంగం చూస్తుంది, పోయిన జూన్లో మొదటిసారి చూపిస్తే కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసి "ఇన్నేళ్ళూ పేరే చదివానురా" అంది.

వెన్నెల్లో మిగతా చుక్కలు సరిగా కనపడవు, అందుకని జ్యేష్ఠ ఏ వాటర్ ట్యాంకు పక్కన ఉందో గుర్తుపెట్టుకుని పదిరోజులాగి మళ్ళీ ఎక్కండి, కాకపోతే చుక్కలు రోజుకి 4 నిమిషాలు ముందుకి జరుగుతాయి కాబట్టి ఈసారి 40 నిమిషాలు ముందే అక్కడుంటాయి. మేడ లైటు ఆపేసి, ఫోను జేబులో పెట్టి 20 నిమిషాలు కూర్చోండి, ఇది మాత్రం దయచేసి వదలొద్దు, కళ్ళు చీకటికి అలవాటు పడితేనే తేలు బయటపడుతుంది. జ్యేష్ఠకి పైన కుడిపక్క వరసగా మూడు చుక్కలు, అవి అనూరాధ. కిందకి వంకరగా దిగి పైకి తిరిగే వరస తోక, దాని చివర అంటుకున్నట్టుండే రెండు చుక్కలు కొండి, మన మూల నక్షత్రం. మే నెలలో అయితే తోక బాగా పైకి రావడానికి పదిన్నర దాటుతుంది. ఈ కొండి లండన్లో దాదాపు కనపడదు, మనకి 40 డిగ్రీల ఎత్తుకొస్తుంది, అందుకే చూడకుండా ఉండొద్దంటాను.

జ్యేష్ఠ దాదాపు 550 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, దాన్ని సూర్యుడి చోట పెడితే కుజుడి కక్ష్య కూడా లోపలికి పోయేంత పెద్దది.

గ్రహాలూ చంద్రుడు పోయే ఈ దారినే పోతాయి, కాబట్టి మీ తేలులో ఓ చుక్క ఎక్కువ కనిపిస్తే కంగారొద్దు. కుజుడు సుమారు రెండేళ్ళకోసారి జ్యేష్ఠ పక్కకొస్తాడు, రెండూ ఎర్రగానే ఉంటాయి, ఆంటారిస్ అంటే గ్రీకులో కుజుడికి పోటీ అనే అర్థం. అప్పుడు కాసేపు ఆగి చూడండి, మిణుకుమిణుకుమనేది జ్యేష్ఠ, నిలకడగా వెలిగేది కుజుడు.