కొత్త కారా, సెకండ్ హ్యాండా: అడ్వాన్స్ చేతిలో పెట్టేముందు

కారు కొందామనుకున్న రోజే ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. ఎవరో వాడి వదిలేసిన బండి మనకెందుకు అని ఒకరు, షోరూం గేటు దాటగానే విలువ పడిపోయేదానికి అంత డబ్బు పోయడం దండగ అని ఇంకొకరు. ఇద్దరూ చెప్పేది నిజమే. నేను రెండు రకాలూ కొన్నాను, రెండుసార్లూ ఎంతో కొంత దెబ్బ తిన్నాను. నాకు అర్థమైంది ఇంతే: కొత్త కారు కొంటే గండం జేబుకి, పాత కారు కొంటే గండం బండిలోనే ఎక్కడో నక్కి ఉంటుంది. ఈ రెంటిలో మీరు దేన్ని తట్టుకోగలరో ముందు తేల్చుకోండి, రంగూ మోడలూ తర్వాత చూద్దాం.

ముందు జేబు సంగతి. కొత్త కారు విలువ అన్నిటికంటే వేగంగా పడిపోయేది మొదటి ఏడాదిలోనే, ఆ తర్వాత జోరు తగ్గుతుంది. మోడల్‌ని బట్టి తేడా ఉంటుంది కానీ, ఐదేళ్లు తిరిగేసరికి చాలా బండ్లు కొన్న ధరలో దాదాపు సగానికి దిగుతాయి. పదేళ్లు వాడేవాళ్లకి ఇది పెద్ద బాధ కాదు, మూడేళ్లకే మార్చేసేవాళ్లకి మాత్రం గట్టిగానే తగులుతుంది. దీనికి తోడు ఏడేళ్ల లోన్ పెట్టుకుంటే ఇంకో చిక్కు. వాయిదా చిన్నగా కనిపిస్తుంది, కానీ మొదట్లో కట్టేదాంట్లో వడ్డీ వాటా ఎక్కువ కాబట్టి అసలు నెమ్మదిగా తగ్గుతుంది, బండి విలువ మాత్రం గబగబా జారుతుంది. రెండో ఏడు ఏ కారణంతోనో అమ్మాల్సి వస్తే వచ్చిన డబ్బు లోన్ తీర్చడానికే చాలకపోవచ్చు. అందుకే షోరూంలో "నెలకి ఇంతే సార్" అనగానే తలూపకుండా, అన్ని నెలలూ కలిపి ఎంత కడుతున్నామో కాగితం మీద రాసి చూపించమనండి. ఇన్సూరెన్స్, పన్నులు, ఏడాదికి సర్వీస్ ఖర్చు కూడా ఆ కాగితం మీదకే ఎక్కాలి.

కొత్తదైతే మాత్రం కళ్లు మూసుకుని తెచ్చుకోవచ్చా అంటే, అదీ లేదు. నెలల తరబడి యార్డులో ఎండకీ వానకీ నిలబడిన బండిని కూడా కొత్తదనే అంటారు. తయారైన నెల, సంవత్సరం అడగండి. రిజిస్ట్రేషన్ అవ్వకముందే పగటి వెలుతురులో బండి చుట్టూ ఒకసారి తిరిగి పెయింట్, టైర్లు, మీటర్‌లో కిలోమీటర్లు చూసుకోండి, సాయంత్రం షోరూం లైట్ల కింద ఏ గీతా కనపడదు. మార్కెట్లోకి అప్పుడే వచ్చిన మోడల్ అయితే నేనైతే ఒక ఏడాది ఆగుతాను, కంపెనీకి కూడా తెలియని చిన్న చిన్న లోపాలు మొదటి ఏడాది కొన్నవాళ్ల దగ్గరే బయటపడతాయి. మనమెందుకు ఆ పరీక్షకి కూర్చోవడం?

ఇక సెకండ్ హ్యాండ్. అసలు జాగ్రత్త కావాల్సింది ఇక్కడే. నా పాత కారు కథ చెప్తాను. చూడ్డానికి వెళ్లేసరికే అమ్మేవాళ్లు ఇంజిన్ స్టార్ట్ చేసి ఉంచారు. ఏసీ చల్లగా ఉంది, లోపల సువాసన, బండి వెన్నలా నడిచింది. ఎంత మర్యాద అనుకున్నాను. కొన్నాక మొదటి ఉదయం తాళం తిప్పితే వెనక నుంచి నీలం పొగ. ముందే ఇంజిన్ వేడెక్కించి ఈ పొగనే దాచారన్నమాట. పైన పటారం, లోన లొటారం. అప్పటినుంచీ ఏ బండి చూడాలన్నా "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ముందే ఫోన్లో చెప్తాను, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెడతాను. వేడిగా తగిలితే మర్నాడు పొద్దున్నే వస్తానని చెప్పి వచ్చేస్తాను.

పొగకి భాష ఉంది. నీలం పొగ అంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని, నల్ల పొగ అంటే ఇంధనం సరిగ్గా మండట్లేదని. తెల్లది చలి ఉదయాల్లో కాసేపు వచ్చి ఆగిపోతే ఉట్టి ఆవిరే, ఇంజిన్ వేడెక్కాక కూడా దట్టంగా, కాస్త తియ్యటి వాసనతో వస్తూనే ఉంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, లోపలికి కారుతున్నట్టు, అది పెద్ద ఖర్చు. ఆయిల్ పోసే మూత తీసి చూడండి, లోపల పాలమీగడ లాంటి జిగురు ఉంటే ఆయిల్‌లో నీరు కలుస్తోందని అనుమానించాల్సిందే, చిన్న చిన్న దూరాలే తిరిగే బండ్లలో చలికాలం కొంచెం కనిపించడం మామూలే అనుకోండి, అయినా మెకానిక్‌కి చూపించకుండా వదలొద్దు.

మీటర్‌ని నమ్మొద్దు. వెనక్కి తిప్పడం పెద్ద కష్టమైన పనేమీ కాదు. బ్రేక్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ తోలు, డ్రైవర్ సీటు అంచు మాత్రం ఎవరూ వెనక్కి తిప్పలేరు. ముప్పై వేల కిలోమీటర్లే తిరిగిందన్న బండిలో పెడల్ రబ్బరు అరిగి నున్నగా మెరుస్తుంటే లెక్క కుదరట్లేదన్నమాట. పాత సర్వీస్ బిల్లులు వరుసగా పెట్టి ఒక్కోదాని మీద కిలోమీటర్లు సరిపోల్చండి. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైనదని. తక్కువ తిరిగిన మూడేళ్ల బండికి ఆర్నెల్ల కిందటి టైర్లు ఎందుకు పడ్డాయో అడిగితే ఒక్కోసారి జవాబు కంటే అమ్మేవాళ్ల మొహమే ఎక్కువ చెప్తుంది.

వరద నీళ్లలో మునిగిన బండి అన్నిటికంటే మోసం, పైకి కడిగితే మెరిసిపోతుంది. సీటు బెల్టుని చివరిదాకా లాగండి, ఎప్పుడూ బయటికి రాని ఆ చివర బురద చారలు దొరుకుతాయి. అదే బెల్టు చీటీ మీద తయారీ తేదీ కూడా ఉంటుంది, బండి కంటే బెల్టు బాగా కొత్తదైతే ఏదో పెద్ద ప్రమాదం తర్వాత మార్చారేమోనని అడగాలి. సీట్ల కింద బోల్టులు తుప్పు పట్టాయా, డిక్కీలో స్టెప్నీ గుంటలో మట్టి పేరుకుందా, కార్పెట్ ఎత్తితే ముక్క వాసన వస్తోందా? తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు, ఇంజిన్ లైటు ఒకసారి వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే లోపం కనపడకుండా ఎవరో ఆ లైటునే తీసేసి ఉండొచ్చు.

ఇవన్నీ మనం చూడగలిగినవి. మిగతాది అమ్మేవాళ్లతో ఏ సంబంధమూ లేని మెకానిక్‌కి వదిలేయండి, ఆ ఫీజు దగ్గర పిసినారితనం వద్దు. బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చదివే స్కానర్ పెట్టించండి. నిన్ననే లోపాలు చెరిపేసి ఉంటే, బండి తనంతట తాను చేసుకునే పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని స్కానర్‌లో కనిపిస్తుంది. ఇంజిన్‌లో వాల్వులు, పిస్టన్లు ఒకదానికొకటి తగలకుండా లయగా నడిపేది టైమింగ్ బెల్టా, చైనా అని అడగండి. బెల్ట్ అయితే చాలా బండ్లకి లక్ష కిలోమీటర్ల అటూ ఇటూగా మార్చాలి, మార్చకుండా తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకి తగిలి ఇంజినే పోతుంది. డీజిల్ బండి రోజూ నాలుగైదు కిలోమీటర్లకే వాడేవాళ్లయితే కొత్తదైనా పాతదైనా ఆలోచించండి, పొగని పట్టే ఫిల్టర్‌లోని మసి కాలాలంటే బండి అప్పుడప్పుడూ దూరం, వేడిగా పరుగెత్తాలి. ఎలక్ట్రిక్ అయితే బ్యాటరీలో ఇంకా ఎంత శాతం సత్తా మిగిలిందో రిపోర్టు లేకుండా బేరమే మొదలుపెట్టొద్దు, చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్ల దాకా వారంటీ ఇస్తాయి, అది రెండో యజమానికి మారుతుందో లేదో కాగితంలో చదువుకోండి.

కాగితాల్లో ముఖ్యమైనది 17 అక్షరాలూ అంకెల షాసీ నంబర్. బండి మీద ఉన్నదీ పత్రాల మీద ఉన్నదీ ఒక్కొక్కటిగా సరిచూడండి, బండి మీద లోన్ బాకీ ఏమైనా ఉందేమో కూడా. ఆ నంబర్‌తోనే రీకాల్, అంటే లోపం సరిచేయడానికి కంపెనీ బండిని వెనక్కి పిలవడం, పెండింగ్ ఉందేమో కంపెనీ దగ్గర తెలుసుకోవచ్చు. టకాటా అనే కంపెనీ చేసిన ఎయిర్‌బ్యాగ్‌ల లోపంతో ప్రపంచమంతా కోట్ల కార్లని వెనక్కి పిలిచారు, ఆ కంపెనీ 2017లో దివాలా తీసింది. పిలుపు అందినా వెళ్లని బండ్లు చేతులు మారుతూనే ఉంటాయి.

అంతా నచ్చి కొన్నారనుకోండి, ధరలో కనీసం పదో వంతు పక్కన ఉంచుకోండి. ఇది నా లెక్క, పుస్తకాల్లోది కాదు. మొదటి వారంలోనే ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ఆయిల్ మార్పించండి, పాత యజమాని మొన్ననే మార్పించానన్నా సరే. ఆ పదో వంతు కూడా మిగలకుండా ఊడ్చి కొనాల్సి వస్తే ఒక మెట్టు కింది బండి చూసుకోండి.

అన్నట్టు రెండో తాళం అడగడం మర్చిపోకండి. ఎక్కడో పెట్టాం, దొరగ్గానే పంపిస్తాం అంటారు. దొరికాకే డబ్బు కడతానని చెప్పండి.