స్టెరాయిడ్ మాత్రలు వాడేటప్పుడు సైడ్ ఎఫెక్టులను ఎలా కనిపెట్టాలి, ఎలా తగ్గించుకోవాలి?

ఆస్తమా, కీళ్లవాతం, లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటినే దెబ్బతీసే జబ్బు), కొన్ని కిడ్నీ జబ్బులు, చర్మవ్యాధులకు డాక్టర్లు ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్ మాత్రలు రాస్తారు. కండలు పెంచడానికి వాడే స్టెరాయిడ్లు వేరు, ఇవి వేరు. వీటికి సైడ్ ఎఫెక్టులు చాలానే ఉన్నాయి. కానీ ఆ భయంతో మాత్రను ఉన్నపళంగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఏ ఇబ్బంది ఎప్పుడు మొదలవుతుందో తెలుసుకుని, ఆ సమయానికి చూసుకోవడమే సరైన పద్ధతి.

1. మీరు వాడేది స్టెరాయిడేనా, ఎంత డోసో చూసుకోండి

స్ట్రిప్ వెనక ప్రెడ్నిసోలోన్, మిథైల్‌ప్రెడ్నిసోలోన్, డిఫ్లజాకార్ట్, డెక్సామెథసోన్, బీటామెథసోన్ అనే పేర్లలో ఏదైనా ఉంటే అది స్టెరాయిడే. వైసోలోన్, ఓమ్నాకార్టిల్, మెడ్రాల్ వంటివి బ్రాండ్ల పేర్లు. మిల్లీగ్రాముల అంకె చూసి చిన్న డోసనో పెద్ద డోసనో అనుకోవద్దు. 5 మి.గ్రా. ప్రెడ్నిసోలోన్, 4 మి.గ్రా. మిథైల్‌ప్రెడ్నిసోలోన్, 6 మి.గ్రా. డిఫ్లజాకార్ట్, 0.75 మి.గ్రా. డెక్సామెథసోన్ దాదాపు ఒకే బలం. అర మిల్లీగ్రాము డెక్సా మాత్రలు రోజుకు మూడు వేసుకుంటే 10 మి.గ్రా. ప్రెడ్నిసోలోన్ వాడుతున్నట్టే.

మోకాళ్ల నొప్పులకూ ఆయాసానికీ కాగితంలో చుట్టి ఇచ్చే మాత్రలు, పేరులేని పొడుల విషయంలో మరింత జాగ్రత్త. రెండు రోజుల్లోనే నొప్పి మాయమై, ఆకలి విపరీతంగా పెరిగి, కొన్ని వారాలకు ముఖం ఉబ్బుతుంటే అందులో స్టెరాయిడ్ కలిసిందని అనుమానించాలి. వాటిని కూడా ఒక్కసారిగా ఆపకండి. మిగిలిన మాత్రలు వెంట తీసుకెళ్లి ఫిజీషియన్‌కు చూపించండి.

2. మొదలుపెట్టే ముందు పరీక్షలు చేయించుకోండి

బరువు, బీపీ, పరగడుపు షుగర్, తిన్నాక షుగర్, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్), పొటాషియం ఎంత ఉన్నాయో రాసి పెట్టుకోండి. మొదటి అంకె తెలియకపోతే తర్వాత ఎంత పెరిగిందో చెప్పలేం. గతంలో టీబీ వచ్చినా, ఇంట్లో ఎవరికైనా ఉన్నా డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. శరీరంలో అణిగి ఉన్న టీబీ, హెపటైటిస్ బి స్టెరాయిడ్ వల్ల మళ్లీ తిరగబెడతాయి. పొలంలో చెప్పుల్లేకుండా పనిచేసేవారు ఆ మాట కూడా చెప్పండి. మట్టి నుంచి చర్మం ద్వారా లోపలికి చేరే ఒక రకం నులిపురుగు స్టెరాయిడ్ వాడేవారి ఒంట్లో ప్రమాదకరంగా పెరిగిపోతుంది.

3. పొద్దున టిఫిన్ తిన్నాకే వేసుకోండి

డాక్టరు వేరేలా చెప్పకపోతే మొత్తం డోసు ఉదయం 7, 8 గంటల మధ్య ఒకేసారి వేసుకోవాలి. మన ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ హార్మోన్ అయిన కార్టిసాల్ కూడా ఉదయమే ఎక్కువగా ఉంటుంది కాబట్టి అప్పుడు వేసుకుంటే, దాన్ని తయారుచేసే అడ్రినల్ గ్రంథుల (కిడ్నీల పైన ఉండేవి) పనికి అంతరాయం తక్కువ. రాత్రి వేసుకుంటే నిద్ర పట్టదు. మర్చిపోయిన మాత్ర అదే రోజు గుర్తొస్తే వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే రెండు కలిపి వేసుకోవద్దు.

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు స్టెరాయిడ్‌తో కలిస్తే కడుపులో పుండ్లు పడి రక్తం కారే ముప్పు బాగా పెరుగుతుంది. నొప్పికి ఏ మాత్ర వాడాలో డాక్టరునే అడగండి. మలం తారులా నల్లగా వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

4. షుగర్‌ను మధ్యాహ్నం తర్వాత చూడండి

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. పరగడుపున షుగర్ చూసుకుని, 95 వచ్చిందని నిశ్చింతగా ఉంటారు. ఉదయం వేసుకున్న ప్రెడ్నిసోలోన్ ప్రభావం మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎక్కువగా ఉండి, రాత్రికి తగ్గిపోతుంది. అందుకే పరగడుపు అంకె మామూలుగా ఉన్నా, అన్నం తిన్న రెండు గంటలకు 250 దాటి ఉండొచ్చు. గ్లూకోమీటర్‌తో మధ్యాహ్న భోజనం అయిన రెండు గంటలకు, రాత్రి భోజనానికి ముందు చూడాలి. హెచ్‌బీఏ1సీ గత రెండు మూడు నెలల సగటు కాబట్టి మొదటి వారాల్లో పెరిగిన షుగర్ అందులో సరిగా కనిపించదు. 200 దాటుతుంటే, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం ఉంటే డాక్టరుకు ఫోన్ చేయండి.

ఇప్పటికే షుగర్ మందో ఇన్సులినో వాడుతున్నవారికి ఇంకో మాట. స్టెరాయిడ్ మొదలైనప్పుడు ఆ డోసు పెంచి ఉంటారు. స్టెరాయిడ్ తగ్గిస్తున్నప్పుడు దాన్నీ తగ్గించాలి. ఈ సంగతి మర్చిపోతే షుగర్ పడిపోయి, ముఖ్యంగా తెల్లవారుజామున చెమటలు పడతాయి, స్పృహ తప్పొచ్చు.

5. ఉప్పు తగ్గించండి, కాల్షియం పెంచండి

స్టెరాయిడ్ ఒంట్లో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచి, పొటాషియంను బయటికి పంపుతుంది. కాళ్ల వాపు, బీపీ వచ్చేది అందుకే. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు బాగా తగ్గించాలి. కొన్ని వారాల్లోనే ఆకలి పెరుగుతుంది. అన్నం తగ్గించి కూర, పప్పు, గుడ్డు పెంచితే బరువు కొంతవరకు అదుపులో ఉంటుంది.

ఎముకల బలం మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే వేగంగా తగ్గుతుంది. పైకి ఏ నొప్పీ తెలియదు. మూడు నెలలకు మించి వాడాల్సి ఉంటే రోజుకు 1,000 నుంచి 1,200 మి.గ్రా. కాల్షియం అందాలి, విటమిన్ డి కూడా కావాలి. పావు లీటరు పాలలో సుమారు 300 మి.గ్రా., 100 గ్రాముల రాగిపిండిలో సుమారు 350 మి.గ్రా. కాల్షియం ఉంటుంది. మిగతాది మాత్రల రూపంలో ఎంత కావాలో, ఎముకల సాంద్రత స్కాన్, ఎముకల మందు అవసరమో డాక్టరు చెబుతారు. కిడ్నీ జబ్బున్నవారు మాత్రం ఆహారంలో ఈ మార్పులన్నీ డాక్టరును అడిగాకే చేయాలి.

గజ్జల్లో, తుంటిలో నొప్పి మొదలై నడుస్తుంటే కుంటు వస్తోందా? రక్తప్రసరణ తగ్గి తుంటి ఎముక తల దెబ్బతింటోందేమో చూడాలి. మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు, ఎంఆర్ఐ అడగండి.

6. చిన్న జ్వరాన్నీ తేలిగ్గా తీసుకోవద్దు

స్టెరాయిడ్ జ్వరాన్ని, వాపును కప్పేస్తుంది. లోపల ఇన్ఫెక్షన్ ముదురుతున్నా ఒళ్లు పెద్దగా కాలదు. రోజుకు 20 మి.గ్రా. లేదా అంతకన్నా ఎక్కువ ప్రెడ్నిసోలోన్ రెండు వారాలు, ఆపైన వాడుతుంటే సజీవ వైరస్ ఉన్న టీకాలు వేయించుకోకూడదు. అమ్మవారు పోసినవారి దగ్గరికి వెళ్లి ఉంటే, గతంలో మీకు అది రాకపోతే అదే రోజు డాక్టరుకు చెప్పండి. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష చేయించాలి.

చూపు మసకబారినా, దీపాల చుట్టూ వలయాలు కనిపించినా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. నెలల తరబడి వాడేవారు ఏ ఇబ్బందీ లేకపోయినా ఆరు నెలలకో, ఏడాదికో కంటి ఒత్తిడి, శుక్లాలు చూపించుకోవాలి. నిద్ర లేకుండా అతి హుషారు, చిరాకు, అనుమానాలు, చావు ఆలోచనలు ఇంట్లోవాళ్లకే ముందు కనిపిస్తాయి. అది మనిషి తీరు మారడం కాదు, మందు ప్రభావం. వెంటనే డాక్టరుకు చెప్పాలి.

7. డాక్టరు చెప్పిన మెట్ల ప్రకారమే తగ్గించండి

మూడు వారాలకు మించి వాడితే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ తయారీ తగ్గించేస్తాయి. మాత్ర హఠాత్తుగా ఆగితే ఒంట్లో కార్టిసాల్ ఉండదు. తీవ్రమైన నీరసం, కళ్లు తిరగడం, వాంతులు, కడుపునొప్పి వచ్చి బీపీ పడిపోతుంది. ఐదారు రోజుల కోర్సును చాలాసార్లు నేరుగా ఆపేయొచ్చు. నెలల తరబడి వాడినదాన్ని, ముఖ్యంగా చివరి 5 మి.గ్రా.ను వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. తగ్గించేటప్పుడు కీళ్లు, కండరాలు నొప్పులు పుడితే మీ అంతట మీరు డోసు పెంచుకోకుండా డాక్టరుకు చెప్పండి. ఇంట్లో కనీసం వారానికి సరిపడా మాత్రలు నిల్వ ఉండాలి.

జ్వరం వస్తే డోసు ఎంత పెంచాలో ముందే రాయించుకోండి. వాంతులతో మాత్ర కడుపులో నిలవకపోతే ఇంటి దగ్గర ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లి "నేను ఇన్ని నెలలుగా స్టెరాయిడ్ వాడుతున్నాను" అని మొదటే చెప్పాలి. అక్కడ హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. మందు పేరు, డోసు, మొదలుపెట్టిన తేదీ రాసిన కాగితం ఎప్పుడూ పర్సులో ఉంచుకోండి. మాత్రలు పూర్తిగా ఆపేశాక కూడా ఏడాది పాటు ఆ కాగితాన్ని దాచండి. గ్రంథులు కోలుకోవడానికి అంతకాలం పట్టొచ్చు కాబట్టి, ఆపరేషన్ జరిగితే మత్తు డాక్టరుకు దాన్ని చూపించాలి.