పాత సైకిల్ రేసు డాక్యుమెంటరీలు ఎలా చూడాలి?

యూరప్‌లో 1960, 70లలో సైకిల్ రేసుల మీద తీసిన డాక్యుమెంటరీలు కొన్ని ఉన్నాయి. వాటిని మొదటిసారి చూసేవాళ్లలో చాలామంది పావుగంటకే ఆపేస్తారు. ఎవరు ముందున్నారో, ఎవరు వెనకబడ్డారో అర్థం కాదు. నేనూ మొదటిసారి అలాగే ఆపేశాను. తర్వాత తెలిసింది, నేను వాటిని మ్యాచ్ చూసినట్టు చూస్తున్నానని. ఫలితం ఎలాగూ మర్నాడు పేపర్లో వచ్చేస్తుంది. కెమెరా పట్టుకున్నవాళ్లు వెళ్లింది పేపర్లో రానివాటి కోసం.

1. ముందు ఫలితం తెలుసుకోండి

సస్పెన్స్ పోతుందని భయపడకండి. ఉదాహరణకి, ఈ సినిమాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది డెన్మార్క్ దర్శకుడు యోర్గెన్ లెత్ తీసిన 'ఎ సండే ఇన్ హెల్'. 1976 ఏప్రిల్ 11న ఉత్తర ఫ్రాన్స్‌లో జరిగిన పారిస్-రూబే అనే ఒక్క రోజు రేసు మీద తీశాడు. అంతకుముందే మూడుసార్లు గెలిచిన రోజర్ డి వ్లామింక్ నాలుగోసారి గెలుస్తాడా అన్నదే ఆ రోజు అందరి ప్రశ్న. అప్పటి పెద్ద రేసర్లలో ఎడ్డీ మెర్క్స్ ఉన్నాడు, ఫ్రాంచెస్కో మోసెర్ ఉన్నాడు, ఫ్రెడ్డీ మార్టెన్స్ ఉన్నాడు. గెలిచింది మాత్రం మార్టెన్స్ జట్టులోనే ఉంటూ అతనికి సాయంగా తొక్కే మార్క్ డిమేయర్. ఇది తెలిసి కూర్చుంటే మీ కళ్లు ఖాళీగా ఉంటాయి. స్కోరు వెతకడం మానేసి మనుషుల్ని చూస్తాయి.

2. చిన్న సినిమాతో మొదలుపెట్టండి

ఫ్రెంచ్ దర్శకుడు లూయీ మాల్ 1962 టూర్ ద ఫ్రాన్స్ మీద తీసిన 'వీవ్ ల టూర్' ఇరవై నిమిషాలు కూడా ఉండదు. (ఆ తర్వాత కొన్నేళ్లకి ఈయనే ఇండియా వచ్చి కలకత్తా మీద డాక్యుమెంటరీ తీశాడు.) రేసర్లు దారిపక్క కేఫ్‌ల్లోకి దూరి చేతికందిన సీసాలు పట్టుకుని పరిగెత్తడం, సైకిల్ దిగకుండానే ఒకటికి వెళ్లడం, తొక్కుతూనే తినడం, పడిపోవడం, డోపింగ్ మందుల ప్రభావంతో తూలిపోవడం, ఇవన్నీ ఉంటాయి. ఎవరు ఎన్ని నిమిషాల ముందున్నారన్న గోల దాదాపు ఉండదు. రేసు అంటే శరీరానికి ఏమవుతుందో చూడటం ఇక్కడ అలవాటవుతుంది.

3. మొదటి పది నిమిషాలు రెండుసార్లు, రెండోసారి సౌండ్ తీసేసి

లెత్ సినిమా మొదట్లో రేసు ఉండదు. ఒక మెకానిక్ సైకిల్ శుభ్రం చేస్తుంటాడు. కెమెరా చైను మీద, చక్రం మీద, అతని వేళ్ల మీద నిలబడుతుంది. మామూలుగా అయితే రెండు సెకన్లలో కట్ చేసే షాట్ అది. లెత్ కట్ చేయడు. పూజకి ముందు ఇత్తడి సామాను తోముతున్నంత శ్రద్ధగా ఉంటుంది ఆ పని. మెర్క్స్ తన సీటు ఎత్తు తనే సరిచేసుకుంటూ కనిపించేటప్పుడు అతని ముఖం చూడండి. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ గెలిచిన మనిషికి, సీటు దగ్గర ఒక పిసరు తేడా కూడా వదలని టెన్షన్. సౌండ్ ఉంటే మాటలు ఇవన్నీ వివరిస్తాయి. సౌండ్ లేకపోతే మీరే కనిపెడతారు.

4. ప్రతి షాట్‌కీ ఒకటే ప్రశ్న: కెమెరా ఎక్కడుంది?

ఇక్కడ తొందరపడొద్దు. అసలు పని అంతా ఇక్కడే ఉంది.

రేసు ఒక చోట జరగదు. వందల కిలోమీటర్ల పొడవునా జరుగుతూ పోతుంది, మళ్లీ వెనక్కి రాదు. దర్శకుడు రెండో టేక్ అడగలేడు. అందుకే లెత్ ఆ ఒక్క రోజుకి ఇరవైకి పైగా కెమెరాలు పెట్టాడు. కొన్ని మోటార్ సైకిళ్ల మీద, కొన్ని దారిపక్కన, ఒకటి హెలికాప్టర్‌లో. సినిమా చూస్తూ కాగితం మీద మూడు గడులు గీసుకోండి: బండి, నేల, ఆకాశం. షాట్ మారినప్పుడల్లా ఒక టిక్కు పెట్టండి. పదిహేను నిమిషాల్లో మీకే ఒక లయ దొరుకుతుంది. బండి మీది కెమెరా రేసరుతో సమానంగా పోతుంది కాబట్టి అతను కదలనట్టు, ఊరే వెనక్కి పోతున్నట్టు ఉంటుంది. అతని ఊపిరి, చెమట దగ్గరగా కనిపిస్తాయి. దారిపక్క కెమెరాకి అదే మనిషి ఒక్క క్షణం మెరిసి మాయమవుతాడు. ఊళ్లో నిలబడి చూసే జనానికి దక్కేది ఆ క్షణమే. ఆకాశంలోంచి చూస్తే మనుషులు పోయి, పొలాల మధ్య కదిలే ఒక గీత మిగులుతుంది.

ఇంకో సంగతి గమనించండి. దూరం నుంచి పెద్ద లెన్సుతో ఎదురుగా తీసినప్పుడు ముందువాడికీ వెనకవాడికీ మధ్య దూరం నలిగిపోతుంది. ఇరవై మంది ఒకరి మీద ఒకరు పేర్చినట్టు కనిపిస్తారు. ఎంత తొక్కినా దగ్గరికి రారు. వాళ్ల కష్టం మనకి తెలిసేది ఆ షాట్‌లోనే.

ఆ రోజుల్లో డాక్యుమెంటరీలకి ఎక్కువగా వాడింది 16 ఎం.ఎం. ఫిల్ము. 400 అడుగుల రీలు పెడితే పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. ఇప్పటిలా ఆన్ చేసి వదిలేయడం కుదరదు. బటన్ ఎప్పుడు నొక్కాలో కెమెరామన్ తనే నిర్ణయించుకోవాలి. ఆ షాట్లలో ఉన్న బిగి అక్కడినుంచి వచ్చిందని నా నమ్మకం.

5. రాళ్ల బాట వచ్చినప్పుడు సౌండ్ పెంచండి

పారిస్-రూబే 1896 నుంచి ఉన్న రేసు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక 1919లో ఆ దారి చూసొచ్చిన విలేకరులు, బాంబులకి ధ్వంసమైన ఆ నేలని 'ఉత్తరాది నరకం' అన్నారు. ఆ పేరు రేసుకి అలాగే ఉండిపోయింది. పొలాల మధ్య రాళ్లు పరిచిన పాత బాటల మీద సన్నటి టైర్లతో పోవాలి. చిన్నప్పుడు అద్దె సైకిల్ మీద కంకర తేలిన రోడ్డున పోయినవాళ్లకి ఆ అదురు అరచేతుల్లో ఇంకా గుర్తుంటుంది. దాన్ని పదింతలు చేసి ఊహించుకోండి.

లెత్ సినిమా తీసిన 1976లో వాన లేదు. బురద బదులు దుమ్ము. వెనక వచ్చే కార్లని కూడా మింగేసేంత దుమ్ము. అందులోంచి ముందు ఒక రంగు, తర్వాత ఒక భుజం, తర్వాత ముఖం బయటికొస్తాయి. దీని మీద గునర్ మోలర్ పెడర్సన్ సంగీతం, చర్చిలో పాడినట్టు రేసు పేరునే పాడే కోరస్. మొదట ఇది మరీ ఎక్కువేమో అనిపించింది. మూడోసారి చూసినప్పుడు, ఆ పాట లేకుండా ఆ దుమ్ముని ఊహించుకోలేకపోయాను.

6. గీత దాటాక ఆపకండి

చివరికి నలుగురు రూబే వెలోడ్రోమ్‌లోకి, అంటే రేసు ముగిసే సైకిల్ స్టేడియంలోకి వస్తారు. డిమేయర్ గెలుస్తాడు, మోసెర్ రెండు, డి వ్లామింక్ మూడు. తర్వాత షవర్ల గది. మట్టి కొట్టుకుపోయిన ముఖాలు, నీళ్లు, అలసట. పొద్దున మెకానిక్ సైకిల్‌కి చేసిన పనే సాయంత్రం మనుషులు తమ ఒంటికి చేసుకుంటున్నారు. మొదటి సీనుకి వెనక్కి వెళ్లి ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇది చూశాక, వీలున్న ఇంకో రోజు లెత్ 1973లో ఇటలీ పెద్ద రేసు గిరో ద ఇటాలియా మీద తీసిన 'స్టార్స్ అండ్ వాటర్ క్యారియర్స్' చూడండి. చాంపియన్లూ, వాళ్లకి నీళ్లు మోసేవాళ్లూ అన్నది ఆ పేరులోనే ఉంది. అది చూసి వచ్చి, రూబే చివరి ల్యాప్ ఇంకొక్కసారి పెట్టుకోండి. ఎక్కువగా ఇంకొకరి కోసం తొక్కిన డిమేయర్ ఆ రోజు తన కోసం తొక్కాడు. 1982 జనవరిలో, 31 ఏళ్లకే, గుండెపోటుతో పోయాడు. ఆ ల్యాప్‌లో అతనికి 25 ఏళ్లు.